షాంతియీ కోటతోటలో మొక్కల సంత

పారిసు నగరమునకు ఉత్తరమున సుమారు 40 కిలోమీటర్ల దూరములో షాంతియీ యను పట్టణము గలదు. అచ్చట నీటినడుమ నిలిచిన యొక కోటయు, దానిచెంత సూత్రము పట్టి గీచినట్లు తీర్చిన విశాలోద్యానమును ఉన్నవి. 2015వ సంవత్సరము మొదలుగా ఈ తోటలో మొక్కల సంత జరుపు ఆచారమేర్పడినది. వసంతమున మే నెలయందొకమారు, ఆకురాలుకాలమున అక్టోబరునందొకమారు, మూడేసి దినములు సాగు సంత యిది. పలుతావులనుండి మొక్కలు పెంచువారు తమ కుండలను, నారును, దుంపలను దెచ్చి వరుసలుగా పేర్తురు. కొనవచ్చినవారు చిన్న చేతిబండ్లు లాగుకొనుచు తిరుగుదురు. ఈ మొక్కకు ఎండ కావలెనా, నీడ కావలెనా? వేరు కుళ్లకుండ నీరెంత పోయవలెను? కొమ్మ నెప్పుడు కత్తిరింపవలెను? అచ్చట వినవచ్చు మాటలివియే.

ఇందు వింత యేమున్నదని చదువరులడుగవచ్చును. మొక్కలమ్ముట యే దేశమందైనను గలదు. కాని ఈ సంత సాగు నేల యెవరిదో, ఎట్లు చేతులు మారినదో తెలిసికొన్నచో ఆ కుండల వరుసలు మనకు వేరొక రీతిగా గానవచ్చును.

ఈ తోటకు రూపము కల్పించినవాడు ఆంద్రే లెనోత్రు. ఇతడు 1613లో జన్మించెను. తండ్రియు, తాతయు రాజోద్యానములలో తోటపని చేసినవారే. రొక్రువా యుద్ధమున గెలుపొంది ప్రసిద్ధికెక్కిన కొందే రాజకుమారుడు, తరువాత రాజుపై తిరుగబడి, క్షమింపబడి, షాంతియీకి మరలివచ్చి ఈతనిచే తోటను తీర్పింప మొదలిడెను. 1662 ప్రాంతమున పని యారంభమయ్యెను. నోనెత్తు అను చిన్నయేటి నీటిని మలచి, రెండున్నర కిలోమీటర్ల పొడవు గల కాలువను త్రవ్వించిరి. కోటచెంత తీర్చిన కొలనులు ఆకాశమునకు అద్దములవలె నుండును. ఈ తోటలో పూవునకు పెద్దపీట లేదు. నీరు, రాయి, పచ్చిక, కత్తిరించిన చెట్టు, తిన్నని బాట: వీని చేతనే యిది శోభించును. ప్రకృతి సైతము ప్రభువు గీచిన గీటు దాటదని చూచువానికి తోపింపజేయుటయే ఆ కాలపు ఉద్యానకళకు పరమార్థము.

ఆ వైభవమునకు మూల్యమిచ్చినదెవరు? 1671 ఏప్రిలులో పదునాలుగవ లూయీరాజు ఇచ్చటికి విందునకు వచ్చినపుడు, వంటయేర్పాట్లు చూచు వాతెలను అధికారి, చేపలు వేళకు రాలేదని అవమానభారమున కత్తికి బలియయ్యెను. ఇది లోకమెల్ల నెరిగిన కథ. ఇంతగా ఎరుగబడనిది పల్లెవారి కథ. 1774లో నాటి కొందే ప్రభువు తోటలో నొక బొమ్మపల్లెను గట్టించెను. వెలుపల చూడ పేదరైతుల గుడిసెలు. లోపల ప్రభువుల వినోదమునకు తగిన అలంకృతమైన గదులు. వెర్సాయిలో మరీ ఆంత్వానెత్తు రాణి కట్టించుకొన్న పల్లెకు ఇది ముందటిది. తోటలోని పల్లె యిట్టిది కాగా, తోటగోడకు బయటి పల్లె యెట్లుండెను? ఇంగ్లండునుండి వచ్చిన వ్యవసాయవేత్త ఆర్థరు యంగు 1787 మే నెలలో షాంతియీని దర్శించి, దాని ఘనతను వ్రాయుచునే, మరియొక సంగతిని గూడ వ్రాసిపెట్టెను. ప్రభువు వేటకై కేటాయింపబడిన మండలము చుట్టుకొలత నూరుమైళ్లకు మించినదట. ఆ మేరలోని రైతు తన పైరును మేయుచున్న జంతువును చంపుటకు వీలులేదు. ఒక్కని వినోదమునకై ఇందరికిని పంటనష్టమని ఆతడు నిష్ఠురముగా పలికెను.

మొక్కను పెంచినవాడు దానిని కాపాడుకొను హక్కులేక యుండుటకన్న ఘోరమేమున్నది? ఆ మే నెలకును, నేటి మే నెల సంతకును గల దూరమే ఈ వ్యాసమునకు కారణము.

ఆ దూరమొక్క దినమున గడచినది కాదు. 1789 జూలైలో కొందే ప్రభువు దేశము విడిచిపోయెను. ఆగస్టు 4వ తేది రాత్రి జాతీయసభ ప్రభువుల ప్రత్యేకాధికారముల రద్దునకు పూనుకొనెను. వాని వెంట వేటమండలములును పోయెను. రైతునకు తన పొలములో తన పైరును కాచుకొను స్వాతంత్ర్యము లభించెను. అటుపిమ్మట పెద్దకోటను పడగొట్టిరి. రాళ్లు పోయినను, లెనోత్రు త్రవ్వించిన కాలువయు, కొలనులును నిలిచెను. 1830లో కొందే వంశమున కడపటి ప్రభువు మరణింపగా, ఎనిమిదేండ్ల బాలుడగు ఓమాలు ప్రభువునకు ఈ ఆస్తి సంక్రమించెను. ఈతడు లూయీ ఫిలిప్పు రాజు కుమారుడు. 1848లో దేశభ్రష్టుడై ఇంగ్లండు చేరి, 1871లో మరలివచ్చి, 1875 మొదలు 1882 వరకు కోటను తిరిగి కట్టించెను. అంతకుమునుపే భార్యయు, ఇద్దరు కుమారులును గతించిరి. కొత్తకోట వెలసినది, ఏలుటకు వారసుడు లేడు. 1884లో ఆతడు కోటను, తోటను, చిత్రములను, గ్రంథములను ఫ్రాన్సు విద్వత్సంస్థకు వ్రాసియిచ్చెను. 1886లో మరల దేశమునుండి వెడలగొట్టబడియు, ఆ దానమును మానుకొనక బయలుపరచెను. 1897లో ఆతడు మరణించినపిదప, మరుసటి యేట ప్రజలకు ద్వారములు తెరవబడెను.

ఇచ్చట నొక వివాదము పుట్టవచ్చును. ద్వారము తెరచినది దాత ఔదార్యమా, 1789నాటి ప్రజల పట్టుదలయా? దానము గొప్పదే, సందేహములేదు. కాని వేటమండలము నిలిచియున్న దేశమున ఆ దానమునకు అర్థముండెడిది కాదు. రైతు తలయెత్తిన పిమ్మటనే ప్రభువు చేయి తెరచుకొన్నది. హక్కు ముందు, దానము వెనుక; ఇదియే నాకు చరిత్ర చెప్పు క్రమముగా దోచుచున్నది.

ఇక సంత కథ. ఇది షాంతియీలో పుట్టినది కాదు. పారిసునకు దక్షిణమున కూర్సోను అను మరియొక భవనపు తోటలో 1982లో ప్రారంభమై, మూడు దశాబ్దములకు పైగా అచ్చటనే పెరిగి, 2015 మే నెలలో ఇచ్చటికి తరలినది. ఇందు మెచ్చదగినది బేరము కాదు, బేరముతో కలిసి చేతులు మారు తెలివి. అమ్మువాడే పెంచినవాడు; తన మొక్క గుణదోషములు తానే చెప్పును. ఇంటిముంగిట నాలుగు కుండలు మాత్రమే గల గృహిణి అడిగిన ప్రశ్నకును అతడు నిలిచి బదులు చెప్పవలెను. ఒకనాడు ప్రభువు కంటికింపుగా నుండుటకై మాత్రమే మొక్క పెరిగిన చోట, నేడు అది పదిమంది యిండ్లకు పోవుటకై నిలుచుచున్నది.

లోపములు లేవని యనను. ప్రవేశమునకు రుసుము గలదు. అరుదైన మొక్క వెల పేదకు అందదు. మొక్కల రవాణాతో పీడయు రావచ్చును. తూర్పు ఆసియానుండి మొక్కల వర్తకముతో వచ్చిన యొక పురుగు 2007 నుండి యూరపులో గానవచ్చి, ఇట్టి తోటలకు అంచులుగా నాటు బాక్సు పొదలను తినివేయుచు, ఎన్నో పురాతనోద్యానములను పాడుచేసినది. కావున పంచుకొనుటయందును జాగరూకత వలయును. అంతమాత్రమున తలుపులు మూయరాదు. మన గుమ్మములకు తోరణము గట్టు బంతిపూవు మెక్సికో దేశపుది. ఫ్రెంచివారు దానినే ఇండియా గులాబి యని పిలుతురు! ఏ దేశపు స్త్రీ యే దేశపు స్త్రీకి గింజ యిచ్చినదో వ్రాసిపెట్టినవారు లేరు. అయినను ఆ గింజ మన పండుగలలో స్థిరపడినది.

మన యిండ్లలోను మంచి వంగనారు, అరుదైన మల్లెయంటు దాచుకొనువారు గలరు. విద్యను, చేతిపనిని గూడ అట్లే దాచువారు గలరు. గోడలోపల దాచినది ఒక్క తెగులుతో నశింపవచ్చును. పొరుగింట నాటియుంచినది మరల మన యింటికి రాగలదు. షాంతియీ తోటగోడలు ఈ సంగతి నేర్చుకొనుటకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది. మనము నేర్చుకొనుటకు ఒక వానకాలము చాలును.