నేలలోపలి నీటి లీకు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో గుర్తింపు, మరమ్మతు

ఇంటి ఆవరణలో భూమిలో పాతిన గొట్టంగాని, దాని అతుకుగాని, నేలలో కట్టిన సంపుగాని చెడిపోయి, నీరు కంటికి కనబడకుండా చుట్టూ ఉన్న మట్టిలోకి పోవడాన్ని నేలలోపలి నీటి లీకు అంటారు. కొళాయి కారితే ఇంట్లోవారికి ఆ పూటే తెలుస్తుంది. ఈ లీకు మాత్రం నెలల తరబడి బయటపడకపోవచ్చు, బయటపడినా తడి తేలిన చోటు, రంధ్రం పడిన చోటు ఒకటే కాకపోవచ్చు. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలలో ఈ చిక్కు మరీ ఎక్కువగా ఉండడానికి కారణం అక్కడి నేలే.

నేల స్వభావం

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాలో, నల్లమల, ఎర్రమల కొండల నడుమ ఉన్న కుందూ నది లోయలో ఈ రెండు పట్టణాలూ ఉన్నాయి. లోయ అడుగున భూగర్భ శాస్త్రవేత్తలు ‘కర్నూలు సముదాయం’గా వర్గీకరించిన ప్రాచీన శిలలున్నాయి. ఆ శిలాశ్రేణులలో రెంటికి నంద్యాల షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి అని ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లే పెట్టారు. షేలు అంటే బంకమట్టి గట్టిపడి పొరలుపొరలుగా ఏర్పడిన రాయి. వీటిపైన పరుచుకున్నది నల్లరేగడి.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకఖనిజం ఉంటుంది. దాని సన్నని పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఈ ఉబ్బు, కుంగు భూమిలో సుమారు మూడున్నర మీటర్ల లోతు వరకు సాగుతాయని, ఆ కిందకు దాదాపు ఉండవని రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ గుర్తించి, ఇటువంటి నేలల్లో ఇళ్లకు ఆ లోతు దాకా దిగే ఉబ్బెత్తు అడుగు పైళ్లనే పునాది స్తంభాలను రూపొందించింది. ఇంటి గొట్టాలకు అటువంటి రక్షణ ఏదీ ఉండదు. సాధారణంగా అడుగు, రెండడుగుల లోతులో, అంటే నేల అన్నింటికన్నా ఎక్కువగా కదిలే పొరలోనే వాటిని పాతుతారు. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే వేసవిలో నెర్రెవిచ్చిన నేల, వానాకాలంలో మళ్లీ కలుసుకుంటూ గొట్టాన్ని ఒకచోట పైకెత్తి, ఇంకొకచోట కుంగదీస్తుంది. గొట్టం నిడివిలో కొంత వంగి తట్టుకున్నా, అతుకులు తట్టుకోలేవు. గోడ పునాది కింద నుంచి గొట్టం బయటకు వచ్చే చోట, కదలని కట్టడానికీ కదిలే మట్టికీ నడుమ, ఎల్బో అనే మలుపు అతుకు విరగడం ఇక్కడి ప్లంబర్లకు బాగా అలవాటైన దృశ్యం.

పాత ఇళ్లలోని జీఐ గొట్టాలది, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టాలది, వేరే దారి. తేమను పట్టి ఉంచే రేగడిలో పైపూత పోయి తుప్పు పడుతుంది, మర కోసిన చోట లోహం పలచన గనుక అక్కడే ముందు తినేస్తుంది. పీవీసీకి తుప్పు లేదు, కాని వేడికి బాగా సాగుతుంది. మండుటెండలో అతికించిన పది మీటర్ల గొట్టం, మట్టి కప్పాక ఇరవై డిగ్రీలు చల్లబడితే ఒక సెంటీమీటరుకు పైగా పొట్టిదవుతుంది; ఆ లాగుడంతా సొల్యూషన్ అనే జిగురు ఇంకా ఆరని అతుకుల మీద పడుతుంది. అందుకే చివరి అతుకును సాయంత్రం చల్లబడ్డాక వేయడం మేలు. మేస్త్రీలు పొద్దుండగానే పని ముగించాలనుకోవడం వల్ల ఈ చిన్న జాగ్రత్తే ఎక్కువగా తప్పిపోతుంది.

తడి ఎక్కడ తేలుతుంది

నల్లరేగడి తడిసి ఉబ్బాక నీటిని కిందికి దిగనివ్వదు. గొట్టం కోసం తవ్వి వదులుగా పూడ్చిన కాలువలోని మట్టి మాత్రం నీటికి దారి ఇస్తుంది. కాబట్టి వీధి గేటు దగ్గర కారిన నీరు గొట్టం వెంబడే పాకి, వంటింటి పునాది దగ్గర ఆగి, బండల సందుల్లో చెమ్మగా తేలవచ్చు. అదే బేతంచెర్ల, అవుకు, కొలిమిగుండ్ల వైపు సున్నపురాతి నేలల్లో వ్యవహారం తలకిందులు. అక్కడి రాతి పగుళ్లలోకి నీరు నేరుగా దిగిపోయి, పైన తడి జాడే కనిపించకపోవచ్చు. నీరు సున్నపురాతిని ఎంత లోతుగా కరిగించి దారులు చేసుకోగలదో కొలిమిగుండ్ల మండలంలోని 3,229 మీటర్ల బెలుం గుహలే చూపుతాయి.

లీకు లక్షణాలుగా భావించేవాటిలో కొన్ని మోసగిస్తాయి. గోడ అడుగున చవుడెక్కి పెచ్చులూడడం, బండల సందుల్లో తెల్లని ఉప్పు పూయడం, నేల ఒకవైపు కుంగడం గొట్టం వల్లనే కానక్కరలేదు. తుంగభద్రపై సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు-కడప (కె.సి.) కాలువ ఆయకట్టులో వరి మళ్లకు నీరు పారే నెలల్లో భూగర్భ జలమట్టం పైకొచ్చి, పల్లపు వీధుల ఇళ్లలో చెమ్మ దానంతటదే ఎక్కుతుంది. కాలువ కట్టేసిన వేసవిలోనూ ఆరని తడిని మాత్రం ఇంటి గొట్టం పనిగా అనుమానించవచ్చు. నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూడడం మరొక ఆధారం. సరఫరా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల శేష క్లోరిన్, అంటే క్రిములను చంపగా మిగిలిన క్లోరిన్, ఉండాలని ఐ.ఎస్. 10500 ప్రమాణం చెబుతోంది. గుంతలో ఊరిన నీరు పరీక్ష ద్రావకంతో పసుపు రంగుకు తిరిగితే అది కొళాయి నీరే. తిరగకపోతే కాదని మాత్రం చెప్పడానికి లేదు, ఎందుకంటే మట్టి తగిలితే క్లోరిన్ త్వరగా పోతుంది.

ఉందని తేల్చుకోవడం

చిన్న రంధ్రం ఎంత నీటిని తాగుతుందో లెక్క కడితేగాని నమ్మకం కలగదు. మిద్దె మీది ట్యాంకు నీటిమట్టానికి ఆరు మీటర్ల కింద మూడు మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి మూడు లీటర్లకు కాస్త తక్కువగా, రోజుకు నాలుగు వేల లీటర్ల వరకు పోతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు సుమారు ఆరు గంటల్లో ఖాళీ అవుతుంది. మోటారు మునుపటికన్నా తరచుగా వేయవలసి రావడం దీని తొలి సూచన.

మీటరుంటే కొళాయిలన్నీ కట్టి ముల్లు తిరుగుతోందేమో చూస్తే సరిపోతుంది. నీరు నిర్ణీత వేళల్లోనే వదిలే ఊళ్లలో మీటరు కంటే సంపు పరీక్షే నమ్మదగినది. రాత్రి సంపు నింపి, లోపలికి, బయటికి పోయే వాల్వులు కట్టేసి, గోడమీద నీటి అంచున సుద్దతో గీత గీసి, మూతపెట్టి తెల్లవారాక చూడాలి. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉన్న సంపులో ఒక్క సెంటీమీటరు దిగితే 30 లీటర్లు పోయినట్లు. నీరు దిగి దిగి ఒకచోట నిలిచిపోతే పగులు సరిగ్గా ఆ మట్టంలోనే ఉంటుంది. కాలువ పారే కాలంలో దిగడానికి బదులు నీరు గీత దాటి పెరగడమూ కద్దు. బయటి భూగర్భ జలం పగులు గుండా లోపలికి వస్తోందన్నమాట. ఇది నీరు పోవడం కన్నా ప్రమాదకరం, పక్కింటి సెప్టిక్ ట్యాంకు ఊట కూడా అదే దారిన రాగలదు.

సంపు బాగుంటే గొట్టాలను భాగాలుగా విడదీయాలి. ట్యాంకు నుంచి దిగే ఒక్కొక్క గొట్టాన్ని గేట్ వాల్వుతో కట్టేసి, ఏది కట్టినప్పుడు ట్యాంకు మట్టం నిలుస్తుందో చూస్తే దోషం ఉన్న శాఖ దొరుకుతుంది. ఇళ్లు కట్టేటప్పుడు శాఖకొక వాల్వు పెట్టకపోవడం వల్లనే తర్వాత వాకిలంతా తవ్వవలసి వస్తుంది. నీళ్లు వాడినప్పుడు మాత్రమే తడి పెరిగితే దోషం మురుగు గొట్టంలో ఉన్నట్లు. రంగు కలిపిన నీరు పోసి అది ఎక్కడ తేలుతుందో చూస్తారు.

తరువాతి పని వినడం. రంధ్రం గుండా దూసుకుపోయే నీరు చేసే సన్నని రొదను, రాత్రి సద్దుమణిగాక, గొట్టానికి ఆనించిన ఇనుప కడ్డీ కొసను చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఇనుప గొట్టంలో ఈ శబ్దం సెకనుకు 1,200 మీటర్లకు అటూ ఇటూ వేగంతో చాలా దూరం పాకుతుంది. ప్లాస్టిక్ గొట్టంలో వేగం సగానికన్నా తక్కువకు పడిపోవడమే గాక, హెచ్చు స్థాయి ధ్వనులు కొద్ది మీటర్లలోనే అణగిపోతాయి. నేల మైక్రోఫోను, రెండు చోట్ల శబ్దం చేరిన సమయాల తేడాతో దూరాన్ని లెక్కించే కోరిలేటరు, 5 శాతం హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్‌ను గొట్టంలోకి ఎక్కించి నేలపై పసిగట్టే విధానం పెద్ద ఊళ్లలో వాడుకలో ఉన్నాయి. గాలి కంప్రెసరుతో పీవీసీ గొట్టాన్ని పరీక్షించడం మాత్రం కూడదు. అది పగిలితే ముక్కలు బాంబు పెంకుల్లా ఎగురుతాయి.

మరమ్మతు

పరిచినవి బేతంచెర్ల నాపబండలైతే పని తేలిక. వరుస తప్పకుండా బండలకు సుద్దతో అంకెలు వేసి, సందులో గడ్డపార మొన దూర్చి ఒక్కొక్కటే లేపి, తర్వాత వాటినే తిరిగి పరచవచ్చు. సిమెంటుతో అతికిన టైల్సుకు ఆ వీలు లేదు. పీవీసీ అయితే చెడిన భాగానికి రెండువైపులా గట్టి గొట్టం తగిలేదాకా హ్యాక్సాతో కోసి, కొత్త ముక్కను లోపల అడ్డులేని రిపేరు కప్లింగులతో కలుపుతారు. మామూలు కప్లింగు వాడాలంటే గొట్టం కొసను పైకి వంచవలసి ఉంటుంది గనుక గుంత మరో రెండు మీటర్లు పొడవుగా తీయాలి. కొసలు తుడిచి పూర్తిగా ఆరబెట్టడం అన్నింటికన్నా ముఖ్యం. వాల్వు సరిగా పడక సన్నగా కారే నీటిలోనే సొల్యూషన్ పూస్తే ఆ అతుకు నెల కూడా నిలవదు. ఒత్తిడి పెట్టడానికి ఒక రోజు ఆగాలి. జీఐ గొట్టానికి సైకిల్ ట్యూబు చుట్టి తీగతో బిగించడం ఆ పూట గడవడానికే పనికొస్తుంది.

గొట్టం బాగుచేసి, తవ్విన నల్లమట్టినే మళ్లీ పూడిస్తే మరుసటి వేసవికి పక్క అతుకు పోతుంది. గొట్టం కింద, పైన, పక్కల కనీసం 10 సెంటీమీటర్ల మందాన ఇసుకగాని, ఉబ్బని గరుసుగాని వేసి నీరు చల్లి దిమ్మిస కొట్టాలి. పునాది దాటే చోట గొట్టాన్ని దానికన్నా పెద్ద గొట్టంలోంచి తీసి, మధ్య ఖాళీని మెత్తని పదార్థంతో నింపితే మట్టితో పాటు గొట్టం కదిలినా గోడకు నొక్కుకుని విరగదు. పూడ్చేముందు నీరు వదిలి ఒక పూట చూడడం, పూడ్చాక మొదట వచ్చే నీటిని బయటికి వదిలేయడం తప్పనిసరి. ఎందుకంటే సరఫరా ఆగిన వేళల్లో గొట్టంలో ఒత్తిడి పడిపోయి చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది, టైఫాయిడు, కామెర్లు ఇటువంటి నీటితోనే వ్యాపిస్తాయి. వీధిలోని మెయిన్ గొట్టం మీద చేయి వేయడానికిగాని, రోడ్డు తవ్వడానికిగాని పురపాలక సంఘం అనుమతి కావాలి.

ఒకే గొట్టం మూడు నాలుగు చోట్ల పోయినప్పుడు దాన్ని నేలలోనే వదిలేసి, కొత్తదాన్ని గోడ వెంట క్లిప్పులతో పైకి తీసుకుపోవడం చౌక; అయితే ఎండకు పీవీసీ పెళుసెక్కుతుంది గనుక దానికి లేతరంగు పెయింటు వేయించాలి.