కొండయింటి కప్పుపై ఎండ

మేడమీద వడియములు పెట్టిన గృహిణికి ఎండ నడక తెలియును. పిట్టగోడ నీడ ప్రాకివచ్చుసరికి ఆమె చాపను మరియొక మూలకు లాగికొనును. ఒక్క మేడమీదనే ఎండ ఇట్లు తావు మార్చుచుండగా, చుట్టును కొండలు నిలిచిన లోయలో, వాలుగా కట్టిన ఇంటికప్పుపై ఏడాది పొడుగున పడు ఎండను లెక్కించుట ఎట్లు? ఆ లెక్క కుదురుటకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది.

ఈ కథ మనము జినీవా పండితుడు హొరేస్ బెనెడిక్ట్ ద సోస్యూర్‌తో మొదలిడవచ్చును. 1767లో ఆయన అద్దపు మూతల పెట్టెలో ఎండ వేడిమిని పట్టి నిలిపెను. కొండలు సూర్యునికి దగ్గరయ్యును చల్లగా నుండుటేల యను ప్రశ్న ఆయనను వేధించుచుండెను. 1774లో అట్టి పెట్టెను ఆల్ప్స్ పర్వతములలోని క్రామోన్ శిఖరమునకు చేర్చి చూచెను. పైన గాలి చల్లగా నుండెను. పెట్టెలోని వేడి మాత్రము దిగువ నేలపై ఎంతయో ఇంచుమించు అంతయే. కొండపై కొరవడినది ఎండ కాదు, వేడిని నిలుపుకొను దట్టమైన గాలి యని తేలినది.

అయితే ఎండ యున్నదనుట వేరు, ఇంత యున్నదనుట వేరు. స్విట్జర్లాండులో సుమారు 1,560 మీటర్ల యెత్తున నున్న దావోస్ ఒకప్పుడు క్షయరోగుల ఆరోగ్యధామము. జబ్బుపడిన కుమార్తె కొరకై అచ్చటికి వచ్చిన జర్మను పండితుడు కార్ల్ డోర్నో, 1907లో సొంత ధనముతో ఒక పరిశోధనశాల నెలకొల్పెను. రోగులు నమ్ముకొన్న ఆ కొండవెలుగు ఎట్టిదో, ఎంతయో కొలిచి చూపవలెనని ఆయన పట్టుదల. ప్రపంచదేశముల ఎండమాపకములను సరిచూచు కేంద్రము 1971 నుండి ఆ పరిశోధనశాలలోనే యున్నది.

ఇక కప్పు మాట. డిసెంబరు 22 ప్రాంతమున దావోస్‌లో మధ్యాహ్న సూర్యుడు 20 డిగ్రీల యెత్తునకే ఎక్కును. ఆ ఎండ చదును నేలపై ఏటవాలుగా పడి పలుచబడును. దక్షిణమునకు 45 డిగ్రీలు వాలిన కప్పుపై పడు నేరుటెండ దానికి రెండున్నర రెట్లకు మించును. అదే యింటి ఉత్తరపు వాలునకు ఆ పూట నేరుటెండ లేనే లేదు.

నేరుటెండ ఒక్కటే లెక్కకు చాలదు. ఆకాశమంతట చెదరిన వెలుగును, నేల తిప్పికొట్టిన వెలుగును కూడ కలుపవలెను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లియూ, జోర్డాన్ 1960 ప్రాంతమున ఈ మూటికిని సులభమైన గణితము కూర్చిరి. దాని ప్రకారము 60 డిగ్రీల కప్పు చూపులో ముప్పాతిక ఆకాశము, పాతిక నేల. ఆ నేల పచ్చికయైనచో వచ్చునది కొంచెమే. కొత్తగా కురిసిన మంచైనచో తనపై పడిన వెలుగులో నూటికి 80 పాళ్ల వరకు తిప్పి పంపును.

ఈ గణితము ఆకాశము అన్నివైపుల తెరచియున్నదని తలచినది. లోయవారి ఆకాశము అట్టిది కాదు. దక్షిణపు కొండ 20 డిగ్రీలకు మించి లేచినచో పైన చెప్పిన మధ్యాహ్నపు ఎండ ఇల్లు చేరదు. కావున కప్పును లెక్కించుటకు ముందు కొండను కొలువవలసి వచ్చినది. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక రాడారుతో భూతలములో పెద్దభాగపు ఎత్తుపల్లములను కొలిచినది. అట్టి కొలతలనుండి, ఏ కప్పుకు ఏ దిక్కున ఎంత ఆకాశము మూతపడునో కంప్యూటరు చెప్పగలుగుచున్నది. అయినను మిక్కిలి నిటారుగా నున్న కొండల నడుమ రాడారు చూపు సోకని ఖాళీలు మిగిలెను. లెక్క యెచ్చట ఎక్కువ అవసరమో అచ్చటనే కొలత కొరవడినది.

ఈ సూక్ష్మత యంతయు ఎందుకని అడుగవచ్చును. సోస్యూర్‌కు అది వింత, డోర్నోకు వైద్యము. నేడు కప్పుపై సౌరఫలకములు పరచు కుటుంబమునకు అది జీవనావసరము. కొండలలో విద్యుత్తు మిక్కిలి కావలసినది చలికాలముననే. ఏడాది సగటు ఎంత బాగున్నను, ఆ నెలలలో కొండనీడ కప్పునుండి తొలగనిచో పెట్టిన సొమ్ము అక్కరకు రాదు. నీడ ఎచ్చటికి వచ్చునో చూచి చాప పరచు మన గృహిణి వివేకమే ఈ శాస్త్రమునకును మూలమని మేము తలంతుము.