ఏడుపు పాటకు ఎగిరిన వేసవి

ఫ్రాన్స్‌లో వేసవి సెలవులంటే జులై, ఆగస్టు. ఆ రెండు నెలలూ జనం నోళ్లలో నానడానికి ఏటా ఒక పాట కావాలి. అది దానంతటది పుట్టేదాకా ఆగే ఓపిక వ్యాపారులకు ఉండదు. 1989లో వాళ్లు వండి వడ్డించిన పాట 'లంబాడా'. మన లంబాడీలతో దీనికి సంబంధమేమీ లేదు. ఇది ఉత్తర బ్రెజిల్ నుంచి వచ్చిన జంట నృత్యం పేరు.

బ్రెజిల్ తీరంలోని పోర్టో సెగురోలో ఆ నృత్యం ఒలివియే లోర్సాక్ అనే ఫ్రెంచి నిర్మాత కంటపడింది. జాన్ కరాకోస్‌తో కలిసి అతను పారిస్‌లో 'కవోమా' అనే బృందాన్ని కూర్చాడు. పాడటానికి రియో డి జనీరో గాయని లోఆల్వా బ్రాస్‌ను పెట్టుకున్నారు. రెండేళ్ల కిందటే ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిన టీఎఫ్1 చానల్ ఆ వీడియోను ఊదరగొట్టింది. ఒరాంజినా కూల్‌డ్రింక్ కంపెనీ కూడా చేయి కలిపింది. యూరప్ అంతా ఊగిపోయింది.

పాట రాసినవారి పేరు దగ్గర 'చికో డి ఒలివేరా' అని ఉంది. అలాంటి మనిషి లేడు. అది లోర్సాక్ పెట్టుకున్న మారుపేరు.

అసలు బాణీ బొలీవియాది. 'లోస్ క్యార్కాస్' బృందానికి చెందిన ఉలిసెస్, గొన్సాలో హెర్మోసా సోదరులు కట్టిన పాట, 1981 నాటిది. ఆండీస్ కొండల వెదురు పిల్లనగ్రోవుల మీద సాగే విరహగీతం అది. 1984లో పెరూ బృందం క్వార్తెతో కాంటినెంటల్ దానికి అకార్డియన్ జోడించి హుషారెక్కించింది. 1986లో బ్రెజిల్ గాయని మార్సియా ఫెరేరా పోర్చుగీసులో పాడింది. కవోమా తీసుకున్నది దాదాపు ఆ రూపాన్నే. అంటే ప్రపంచం 'కొత్త' అని ఎగబడిన పాట అప్పటికే మూడు దేశాలు తిరిగింది! హెర్మోసాలు కోర్టుకెక్కి హక్కులు రాబట్టుకున్నారు.

దొంగసొత్తుకు కాళ్లు ఎక్కువ. 1990లో హిందీ 'ఘాయల్'లో బప్పీ లహరి సంగీతంలోనూ ఇదే బాణీ మోగింది.

కవోమా తర్వాతి పాటలు ఫ్రాన్స్‌లో కాస్త ఆడాయి గానీ, బయట ఎవరికీ గుర్తులేవు. నా లెక్కలో అది బృందం చేతకానితనం కాదు. ఒక సీజన్ కోసం కట్టిన దుకాణం సీజన్ అయ్యాక నడవలేదు, అంతే. లోఆల్వా గొంతు మాత్రం అంతకన్నా మంచి పాటలకు తగినది.

2011లో జెన్నిఫర్ లోపెజ్ 'ఆన్ ద ఫ్లోర్'లో ఆ బాణీ మళ్లీ వినిపించింది. ఈసారి రచయితల పట్టికలో హెర్మోసా సోదరుల పేర్లు ఉన్నాయి.