ఒంటికి తగిలే నూలు: ముట్టుగుడ్డ నుంచి ప్యాడ్ దాకా

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మగ్గం మీద ఆ రెంటినీ పోగుకు పోగు మెలేసి కలపడాన్ని కుప్పడం అంటారు. కంటికి కనిపించేచోట పట్టు, ఒంటికి తగిలేచోట నూలు. కృష్ణా తుంగభద్రల మధ్య ఎండలు మండే నడిగడ్డలో నేతపనివాళ్ల వివేకం అది. నెలసరి రోజుల్లో ఆడపిల్ల ఏం వాడాలన్న ప్రశ్నకూ ఈ నేల మీద చాలాకాలం ఆ నూలే జవాబు.

కొత్త బట్ట గరుకు. ఏళ్ల తరబడి ఉతికి గంజంతా దిగిపోయిన పాత నూలుచీర మెత్తన, తడిని ఇట్టే పీలుస్తుంది. ఆ చీరను అమ్మ చించి, మడతలు పెట్టి, పెద్దమనిషి అయిన బిడ్డ చేతికిచ్చేది. నడుముకు కట్టుకున్న పీలికలో ముందొక కొస, వెనకొక కొస దోపుకోవడం నేర్పేది. అమ్మమ్మ కట్టి, అమ్మ కట్టి, చివరకు మనవరాలి దాకా వచ్చిన మెత్తదనం అది.

మరి ముట్టుగుడ్డ అంటే ఆ తరం ఆడవాళ్లకు ఒరుసుకుపోయిన తొడలే ఎందుకు గుర్తొస్తాయి? ఆ గుడ్డ ఎవరి కంటా పడకూడదు. దండెం మీద ఎండలో ఆరేయకూడదు. లంగా కిందో, గడ్డివాము చాటునో ఆరీ ఆరకముందే మళ్లీ కట్టుకోవాలి. ఉతకడానికి నీళ్లు చాలవు, మార్చుకోవడానికి చాటు దొరకదు. నాగర్‌కర్నూలు, వనపర్తి పల్లెల నుంచి ‘పాలమూరు లేబర్’గా దేశమంతా తిరిగి ఆనకట్టల పనులు చేసిన కుటుంబాల్లో ఆడవాళ్లూ ఉన్నారు. గుడారాల బతుకులో వాళ్లకు ఆ చాటు ఇంకెంత కరువో ఊహించుకోవచ్చు. తర్వాత ఇంటింటికీ పాలియెస్టర్ చీరలొచ్చాయి. ముడత పడవు, తొందరగా ఆరతాయి, కానీ తడిని పీల్చవు. చించుకోవడానికి పాత చీరలున్నా వాటిలో నూలు లేకుండా పోయింది.

ఇవాళ దుకాణంలో దొరికే ప్యాడ్ వేరే దారిన వచ్చింది. 1890లలో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ‘లిస్టర్స్ టవల్స్’ పేరుతో వాడిపారేసే ప్యాడ్లు తెచ్చింది. బయటికి అడిగి కొనలేని కాలం కనుక అవి పెద్దగా సాగలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయాల కట్లకు దూది చాలకపోతే, చెక్కగుజ్జుతో చేసిన సెల్యుకాటన్ వాడారు. సైనికుల కట్టు కోసం వచ్చిన ఆ సరుకును నర్సులు తమ నెలసరికీ వాడుకున్నారు. కింబర్లీ క్లార్క్ కంపెనీ దాన్నే 1920లో ‘కోటెక్స్’గా బజారుకు తెచ్చింది. నోరు తెరిచి అడగలేని ఆడవాళ్ల కోసం కొన్ని దుకాణాల్లో ప్యాడ్ల డబ్బాల పక్కన ఒక పెట్టె పెట్టారు. డబ్బులు అందులో వేసి, మాట్లాడకుండా తీసుకుపోవచ్చు. మన మెడికల్ షాపులో ప్యాకెట్‌ను పాత పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టడంలోనూ, ఆ పెట్టెలోనూ ఉన్నది ఒకే బిడియం.

ఆ ప్యాడ్లూ నడుం బెల్టుకు తగిలించుకునేవే. ఆ బెల్టును మెరుగుపరిచి 1956లో పేటెంటు పొందిన మేరీ కెన్నర్ నల్లజాతి మహిళ. ఆమె ఎవరో తెలిశాక, కొందామని వచ్చిన కంపెనీ వెనక్కి తగ్గింది. 1970 ప్రాంతంలో అడుగున జిగురు పట్టీ వచ్చి బెల్టు పోయింది. ఆ తర్వాత తడిని జెల్లుగా మార్చే పొడి లోపల చేరి ప్యాడ్ పలచబడింది. మన దేశంలో వీటికి ఐఎస్ 5405 ప్రమాణం 1969లోనే వచ్చింది. ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్లకు ప్రమాణం రావడానికి 2021 దాకా పట్టింది. 2017లో ప్యాడ్లపై వేసిన 12 శాతం జీఎస్టీని నిరసనల తర్వాత 2018లో ఎత్తేశారు. గుడ్డ మాత్రం పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-24 ఏళ్ల ఆడపిల్లల్లో 64 శాతం ప్యాడ్ వాడుతున్నామంటే, 50 శాతం గుడ్డ కూడా వాడుతున్నామన్నారు.

గద్వాల కథలో నూలుకు ఇంకో ముఖముంది. ఈ ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనానికి పేరు. సాయంత్రం మొగ్గలోని కేసరాలు గిల్లి, మర్నాడు పొద్దున వేరే పువ్వు పుప్పొడి అద్దాలి. ఒక్కో పువ్వుకూ చేత్తో చేయాల్సిన ఈ క్రాసింగ్ పనిలో ఏళ్లపాటు బడికి పోవాల్సిన ఆడపిల్లల వేళ్లే అరిగాయి. దేశానికి పత్తి విత్తనమిచ్చిన ఆ పిల్లకు చేను మధ్య గుడ్డ మార్చుకునే చాటు ఎవరు చూపించారు?

రాజుల కథలు పక్కనబెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రగా రాసిన సురవరం ప్రతాపరెడ్డి ఈ నేల బిడ్డే. నడిగడ్డలోని బోరవెల్లిలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఆయన పుట్టినరోజు 1896 మే 28. ప్రపంచమంతా 2014 నుంచి నెలసరి పరిశుభ్రత దినం జరుపుకునేదీ మే 28నే. 28 రోజుల చక్రం, అయిదు రోజుల నెలసరి కనుక అయిదో నెల 28. ఈ రెండూ ఒకరోజు పడటం యాదృచ్ఛికమే. అయినా ముట్టుగుడ్డ కూడా సాంఘిక చరిత్రేనని గుర్తు చేసుకోవడానికి మనకు అంతకన్నా మంచిరోజు లేదు.

పెద్దమనిషి అయిన బిడ్డకు ఏది సుఖమో వెతికే తల్లికి ఈ చరిత్ర పనికొస్తుంది. ప్యాడ్‌లో ఒంటికి తగిలేది పైపొర. అది వలలాంటి ప్లాస్టిక్ అయితే తడి తొందరగా కిందికి దిగుతుంది, కానీ చెమట పట్టే ఎండాకాలం కొందరికి ఒరుపు, దద్దుర్లు వస్తాయి. వాళ్లకు దూదిలాంటి మెత్తటి పైపొర, సువాసన కలపని రకం నయం. చిన్న ఒంటికి పగలు పొట్టి ప్యాడ్ చాలు, రాత్రికి పొడవుది కావాలి. ఏదైనా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. గుడ్డ ప్యాడ్ వాడితే సబ్బుతో ఉతికి, దండెం మీద, నిండు ఎండలో ఆరేయాలి. మన దగ్గర ఎండకు కరువు లేదు.

వెతకడంలో పిల్లలూ తక్కువ కాదు. యాదాద్రి భువనగిరి జిల్లా ములకలపల్లి జిల్లా పరిషత్ హైస్కూలు అమ్మాయిలు గుర్రపుడెక్క, మెంతులు, పసుపు, వేప, సబ్జా గింజలతో ‘స్త్రీ రక్ష’ ప్యాడ్లు తయారుచేశారు. తమకేం కావాలో వాళ్లకు తెలుసు.

పాత చీర చించేటప్పుడు అమ్మ ముందు దాన్ని తన చెంపకు ఆనించి చూసుకునేది. మెత్తగా ఉంటేనే చించేది. నల్ల కవర్లో చుట్టి తెచ్చిన ప్యాకెట్‌కు ఆ పరీక్ష ఉండదు. అందుకే మొదటి ప్యాకెట్ అయిపోయిన రోజు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి: “ఎట్లుంది బిడ్డా, ఏడన్నా ఒరుసుకుంటుందా?” ఒరుసుకుంటుందంటే ఇంకో రకం తేవాలి. నాన్న వినేట్టు అడిగినా తప్పులేదు.