చెరకు తోటలో చావలేని కూలీ

జాంబీ తెలుగు తెర మీదికి ఆలస్యంగా వచ్చినా దర్జాగానే వచ్చింది. 2021లో ప్రశాంత్ వర్మ తీసిన 'జాంబీ రెడ్డి'లో ఒకపక్క రాయలసీమ ఫ్యాక్షన్ కత్తులు, ఇంకోపక్క కొరికితే అంటుకునే రోగం. ఈలోగా థియేటరు బయట కూడా ఆ పేరు ఇంకో పనిలో కుదురుకుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని గచ్చిబౌలిలో క్యాబ్ ఎక్కే కుర్రాడు 'జాంబీలా అయిపోయా' అంటాడు. చేతులు కీబోర్డు మీద ఆడుతూనే ఉన్నాయి, తను మాత్రం అక్కడ లేడు. మనిషిని పీక్కుతినే సినిమా జాంబీ కంటే ఈ కుర్రాడి మాటే జాంబీ పుట్టుకకు దగ్గర.

అది పుట్టింది కరీబియన్ సముద్రంలోని హైతీలో. ఫ్రాన్సు ఏలుబడిలో దాని పేరు సాన్ డొమాంగ్. 1791లో తిరుగుబాటు రాజుకునే నాటికి అక్కడ దాదాపు 5 లక్షలమంది ఆఫ్రికన్ బానిసలు. పంచదార, కాఫీ వాళ్ళ చెమటతోనే ఐరోపాకి ఓడలెక్కేవి. పుట్టేవాళ్ళకంటే చచ్చేవాళ్ళు ఎక్కువ కావడంతో ఆఫ్రికా నుంచి కొత్తవాళ్ళని దించుతూనే ఉండేవారు. కోతల కాలంలో గానుగలు రాత్రీ పగలూ తిరిగేవి. రోలర్ల మధ్యకి చెరకు తోసే మనిషి ఒక్క క్షణం కునికితే చెయ్యి లోపలికి పోయేది. కరీబియన్ గానుగల దగ్గర ఒక కత్తి సిద్ధంగా ఉంచుకునేవారు. గానుగ ఆపడం కంటే చెయ్యి నరకడం తొందరగా అయ్యే పని.

ఈ మనుషులకి మిగిలిన ఒకే ఆశ చావు. చస్తే ఆత్మ సముద్రం దాటి గినేకి, అంటే పూర్వీకుల ఆఫ్రికాకి, చేరుతుందని నమ్మేవారు. ఆ దారి కూడా మూసుకుపోతే? మంత్రగాడు శవాన్ని లేపి, ఆత్మని తన దగ్గర పెట్టుకుని, ఒళ్ళుని మళ్ళీ పొలానికి తోలితే? 1797లో మోరో ద సాన్ మెరీ సాన్ డొమాంగ్ గురించి రాసిన పుస్తకంలో జాంబీ అంటే ఇంకా ఉత్త దెయ్యమే. లేచి పనిచేసే శవం అన్న రూపం తరవాత గట్టిపడింది. హైతీ మనిషికి జాంబీ ఎదురుపడుతుందన్న భయం పెద్దగా లేదు, తనే జాంబీ అవుతానేమోనన్నదే భయం. దగ్గరవాళ్ళు పోతే సమాధి మీద బరువైన రాళ్ళు పేర్చేది అందుకే.

1804లో బానిసలే గెలిచి స్వతంత్ర దేశాన్ని నిలబెట్టారు. 1915లో అమెరికా సైన్యం దిగి, 1934 దాకా కదల్లేదు. రోడ్లు వెయ్యడానికి రైతుల్ని పట్టుకుపోయి వెట్టి చేయించింది. అలాంటి రోజుల్లో విలియం సీబ్రూక్ అనే అమెరికన్ రచయిత అక్కడికి వెళ్ళి, 1929లో 'ది మ్యాజిక్ ఐలాండ్' అచ్చు వేశాడు. అమెరికా జనానికి జాంబీని చూపించిన పుస్తకం ఇదే. సీబ్రూక్ కోతలరాయుడే, కాదనను. కానీ పోలినీస్ అనే రైతు చెప్పగా విన్నానని అతను రాసిన కథ మాత్రం వదిలెయ్యలేనిది.

1918లో చెరకు విరగపండింది. హాస్కో అనే అమెరికన్ పంచదార కంపెనీ కూలీలు చాలక బోనసు ప్రకటించింది. జోసెఫ్ అనే మేస్త్రీ చింకిబట్టల గుంపు ఒకదాన్ని తోలుకొచ్చి పేర్లు రాయించాడు. చూపు ఆనని కళ్ళు, పేరడిగితే పలకరు. కొండల్లోవాళ్ళు, యంత్రాల మోతకి బెదిరారు అని సర్దిచెప్పాడు. వారంవారం అందరి కూలీ తనే పుచ్చుకునేవాడు. అతని భార్య క్రొయాన్స్ వాళ్ళకి ఉప్పు లేని కూడు వండి పెట్టేది. ఉప్పు నాలిక మీద పడితే జాంబీకి తెలివొస్తుంది. ఒక పండగనాడు ఆమెకి జాలేసి, వాళ్ళని ఊరేగింపు చూపించడానికి తీసుకెళ్ళింది. మన పల్లీపట్టీ లాంటి మిఠాయి కొనిపెట్టింది. తీపే కదా అనుకుంది, కానీ అందులోని పప్పులకి ముందే ఉప్పు పట్టించి ఉంది. కొరకగానే తాము చచ్చిపోయామని వాళ్ళకి తెలిసింది. ఒక్క కేక పెట్టి, వెనక్కి తిరిగి, తమ ఊరి శ్మశానం వైపు నడిచారు.

మన దగ్గర ఉప్పు తిన్నవాడు యజమానికి విశ్వాసంగా ఉండాలి. అక్కడ ఉప్పు తిన్నవాడు యజమానిని వదిలి పోతాడు. ఆ ఉప్పు హుషారునివ్వలేదు, చచ్చిపోయామన్న నిజాన్ని చెప్పింది, అది కూడా గమనించాలి. 'బతికున్నట్టు అనిపించాలి' అని వారాంతానికో థ్రిల్లు కొనుక్కునే మనకి ఈ కథ అంత రుచించదు.

సీబ్రూక్ పుస్తకం వచ్చిన మూడేళ్ళకే హాలీవుడ్ జాంబీని అందుకుంది. 1932 నాటి 'వైట్ జాంబీ'లో నటుడు బెలా లుగోసిది మంత్రగాడి వేషం, ఆ మంత్రగాడి పంచదార మిల్లు నిండా జాంబీ కూలీలు. ఒకడు జారి యంత్రంలో పడతాడు, మిగతావాళ్ళు తిప్పడం ఆపరు. తరవాతి సినిమాల్లో యజమాని మాయమయ్యాడు. 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో శవాలు ఎవరి ఆజ్ఞా లేకుండానే లేచి మనుషుల్ని తింటాయి. జాంబీ అన్న పేరు అందులో ఒక్కసారీ వినపడదు, జనమే తరవాత తగిలించారు. పదేళ్ళకి 'డాన్ ఆఫ్ ది డెడ్'లో అవి షాపింగ్ మాల్‌కి చేరి, అలవాటు కొద్దీ ఎస్కలేటర్లు ఎక్కి దిగుతుంటాయి. కూలీ కాస్తా కొనుగోలుదారు అయ్యాడు. 2004 నాటి 'షాన్ ఆఫ్ ది డెడ్' ఇంకో అడుగు వేసింది. మహమ్మారి మొదలవకముందే లండన్ జనం శవాల్లాగే కదులుతారు, అందుకే హీరోకి తేడా తెలియదు. చివర మిగిలిన జాంబీలకి సూపర్ మార్కెట్‌లో ట్రాలీలు తోసే పని అప్పజెబుతారు. నవ్వుకుంటూనే హాస్కోకి తిరిగొచ్చారు.

ఆఫీసు అలసటని బానిసత్వంతో తూచకూడదు. క్యాబ్ ఎక్కిన కుర్రాడు రాజీనామా చెయ్యొచ్చు, రోలర్‌లో చెయ్యి పోయినవాడికి ఆ వీలు లేదు. ఆ తేడాని మింగేసే సరదా పోలికలంటే నాకు చిరాకు.

హైతీ రచయితలు మాత్రం జాంబీని సరదాకి వదల్లేదు. డువాలియే కుటుంబ నియంతృత్వం నడుస్తుండగా, 1975లో ఫ్రాంకెతియెన్ 'దెజాఫి' నవల రాశాడు. పొలంలో జాంబీలతో పని చేయించే సింటిల్ అందులో దొర. అతని కూతురు సిల్తానా, క్లొదోనిస్ అనే జాంబీని ప్రేమించి ఉప్పు పెడుతుంది. తెలివొచ్చినవాడు శ్మశానానికి పోడు. మిగిలినవాళ్ళందరికీ ఉప్పు పంచుతాడు, అందరూ కలిసి సింటిల్ మీద పడతారు. నియంత పేరు ఎక్కడా లేదు. పెద్దమనుషుల ఫ్రెంచిలో కాకుండా కూలీలు మాట్లాడే హైతీ క్రియోల్‌లో వచ్చిన తొలి నవల అది.