డేటోనా యూఎస్‌ఏ: నాణెం వేస్తే పరుగెత్తిన కారు

డేటోనా యూఎస్‌ఏ జపాన్ కంపెనీ సెగా తయారుచేసిన కారు పందేల ఆర్కేడ్ గేమ్. 1993 ఆగస్టులో జపాన్‌లో కొన్నిచోట్ల ప్రయోగాత్మకంగా పెట్టి, 1994లో పూర్తిస్థాయిలో విడుదల చేశారు. ఆటగాడు నాణెం వేసి సీట్లో కూర్చుని, స్టీరింగు, గేరు, పెడళ్లతో కారు నడపాలి. ఈ ఆటకు ఫ్లోరిడాలో 1959లో మొదలైన డేటోనా స్పీడ్‌వే పేరు పెట్టారు. అమెరికాలోని నాస్కార్ కారు పందేల తీరులో పదుల కొద్దీ కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పరుగెత్తుతాయి.

ఆర్కేడ్లకు కారు పందేలు అప్పటికి పాతబడ్డ సరుకే. అటారీ వారి గ్రాన్ ట్రాక్ 10, టైటో వారి స్పీడ్ రేస్ 1974లోనే వచ్చాయి. 1982లో నామ్కో తెచ్చిన పోల్ పొజిషన్, 1986లో సెగాలో యూ సుజుకి చేసిన అవుట్ రన్ ఈ ఆటలకు గిరాకీ పెంచాయి. వాటిలో లోతు అంతా కనికట్టే: చదునైన బొమ్మలను క్రమంగా పెద్దవి చేస్తూ దగ్గరికి వస్తున్నట్టు చూపేవారు. 1992లో సుజుకి బృందం వర్చువా రేసింగ్‌లో రోడ్డును, కొండలను, కార్లను పాలిగన్లతో, అంటే త్రిమితీయ బహుభుజి పలకలతో, కట్టింది. అయితే అంతా రంగు కాగితాలు మడిచి చేసిన లోకంలా ఉండేది. ఆ మరుసటి ఏడాదే నామ్కో తన రిడ్జ్ రేసర్‌లో పాలిగన్ల మీద రాయి, తారు, గడ్డి చిత్రాలను పరిచి చూపింది. సెగా వెనకబడి ఉండలేని పరిస్థితి.

అందుకు కావలసిన సాంకేతికత ఆటల పరిశ్రమలో పుట్టింది కాదు. విమాన చోదకుల శిక్షణకు, సైనిక అవసరాలకు సిమ్యులేటర్లు చేసే అమెరికా సంస్థ జీఈ ఏరోస్పేస్ దగ్గర అది ఉంది. ఆ సంస్థ 1993లో మార్టిన్ మారియెటా కంపెనీ చేతికి వెళ్లింది. వారి సహకారంతో సెగా ఆర్కేడ్ యంత్రాలను నడిపే మోడల్ 2 సర్క్యూట్ బోర్డును తయారుచేసింది. దాని మీద నడిచిన మొదటి ఆటే డేటోనా యూఎస్‌ఏ. చిత్రాలు పరిచిన దృశ్యం సెకనుకు 60 ఫ్రేముల చొప్పున తడబాటు లేకుండా కదిలేది. విచిత్రమేమంటే, అంత ఖచ్చితత్వం కోసం పుట్టిన యంత్రాన్ని తెచ్చి వాస్తవానికి దూరమైన సరదాకు వాడారు.

ఆటకు దర్శకుడు తొషిహిరో నగోషి. తర్వాతి కాలంలో యకూజా ఆటలతో పేరు తెచ్చుకున్నది ఈయనే. సుజుకి నిర్మాతగా ఉన్నారు. ఆటగాడు నడిపేది 41 నంబరు హార్నెట్ కారు. మూడు ట్రాకులున్నాయి. కొత్తవారికి ఇచ్చే త్రీ సెవెన్ స్పీడ్‌వేలో 40 కార్లు, ఎనిమిది చుట్లు. తర్వాతి డైనోసార్ కాన్యన్‌లో నాలుగు చుట్లు. చివరిదైన సీసైడ్ స్ట్రీట్ గెలాక్సీలో రెండే చుట్లు. గేరును హఠాత్తుగా తగ్గించి, బండిని పక్కకు జార్చి మలుపు తిప్పడమే ఈ ఆట కిటుకు. నిజం కారుతో అలా చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మొదటి చుట్టులో ఆటగాడి నేర్పును అంచనా కట్టి, దానికి తగ్గట్టు మిగతా కార్ల జోరును యంత్రమే సవరించేది. మొదటి ట్రాకులో స్టార్ట్ బటన్ నొక్కితే తిరిగే స్లాట్ మెషిన్ ఉంది. మూడు ఏడులు పడితే గడియారానికి ఏడు సెకన్లు కలుస్తాయి.

గరిష్ఠంగా ఎనిమిది యంత్రాలను కలిపి ఒకే పందెం ఆడే వీలుండటం ఆర్కేడ్ యజమానులకు బాగా కలిసొచ్చింది. ఆడేవారి వెనక చూసేవారి గుంపు, ఆ గుంపులోంచే తర్వాతి ఆటగాళ్లు. దానికి తోడు తకెనొబు మిత్సుయోషి సంగీతం: పాటలు కట్టింది ఆయనే, పాడిందీ ఆయనే.

1995లో సెగా సాటర్న్ అనే గేమ్ కన్సోల్ ద్వారా ఆట ఇళ్లలోకి వచ్చింది కానీ, సెకనుకు 20 ఫ్రేముల దగ్గరే ఆగింది. దూరపు దృశ్యాలు కళ్లముందే ముక్కలుముక్కలుగా ఊడిపడేవి. అయినా ఆడటంలోని హుషారు పోలేదు. 1998లో మోడల్ 3 బోర్డుపై రెండో భాగం వచ్చింది. 2009లో మొదటి ఆటను మళ్లీ ఆర్కేడ్లలోకి తెచ్చినప్పుడు డేటోనా పేరు వాడే హక్కు లేక సెగా రేసింగ్ క్లాసిక్ అన్నారు. 2011లో అసలు పేరుతోనే ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లకు విడుదలైంది. ఆ తర్వాత డేటోనా ఛాంపియన్‌షిప్ యూఎస్‌ఏ అనే కొత్త ఆర్కేడ్ యంత్రం కూడా వచ్చింది.