సలాక సగం, బండి సగం

ఇటు జరగుండ్రి బిడ్డా, పొగ అటు కొడ్తుంది. జీపుకు ఏరియల్ అంటే మా కాలంల మనిషి కంటె ఎత్తు సలాక. బండి ఉరుకుతుంటే ఎనుకకు వంగి ఊగుకుంట అచ్చేది. పోలీసు జీపుకు ఉండె, అడివి ఆఫీసరు జీపుకు ఉండె, మాసొంటి హ్యాం రేడియోల మాట్లాడేటోళ్ల బండికి ఉండె.

హ్యాం అంటే సొంతంగ రేడియో పెట్టుకొని గాలిల మాట్లాడెతందుకు సర్కారు లైసెన్సు ఉన్నోడు. గప్పుడు పరీక్ష రాయాలె, మోర్సు కోడు కొట్టి చూపియ్యాలె, పోలీసు ఎంక్వైరీ కావాలె, ఢిల్లీకెల్లి కాయితం రావాలె. ఓపిక లేనోనితోని కాకపోతుండె. రాజీవ్ గాంధీ గూడ హ్యామే, గాలిల ఆయన పిలుపు పేరు వీయూటూఆర్‌జీ. 1983ల హైదరాబాదుల నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పెట్టినంక మన దిక్కు పిల్లలకు గూడ తొవ్వ దొరికింది.

కొత్త ఏరియల్ కొనే తాహతు ఎవలకుండె? హైదరాబాదు పోయినప్పుడల్లా కోఠిల గుజరాతీ గల్లీ అంత దేవులాడుడే. మిలిటరీ వేలంల పోయిన సలాకలు తుక్కు దుకాన్లకు అచ్చేటియి. ముక్కలు ముక్కలుగ ఉంటయి, ఒకదాంట్ల ఒకటి మర తిప్పి బిగిత్తే రెండున్నర మీటర్ల సలాక తయారైతది.

సలాక దొరకంగనే పనైపోయిందనుకునేరు. మేం మాట్లాడేది నలభై మీటర్ల బ్యాండు, ఏడు మెగాహెర్ట్జ్. అలల నాలుగో వంతు పొడుగు ఏరియల్ కావాలంటే పదిన్నర మీటర్లు. జీపు మీద గంత పొడుగు నిలవెడ్తే మొదటి చింతచెట్టు కాన్నే ఇరుగుతది. అందుకని తక్కువైన పొడుగుకు బదులు రాగి తీగ చుట్ట పెట్టాలె.

చుట్ట చేసుడు నాకు ఇయ్యాల్టికి ఇష్టమైన పని. రెండంగుళాల పీవీసీ పైపు ముక్క తీసుకొని తీగ సుట్టాలె. సుట్టుకు సుట్టుకు నడుమ జర సందు ఉండాలె. గా సందు కోసం తీగకు జంటగ దారం గూడ సుట్టి, అయినంక దారం మెల్లగ ఊడదీసి వార్నిషు పూసెటోళ్లం. సలాక అడుగున పెడితే ఇరవై ఎనిమిది సుట్లు సరిపోతయి. నడిమిట్ల పెడితే నలభై దాటుతయి. సుట్లు ఎక్కువైనా నడిమిట్లనే మేలు. ఎందుకంటే సలాకల కరెంటు అడుగున ఎక్కువ, కొసకు పోయినకొద్ది తగ్గుతది. చుట్ట నడుమ ఉంటే దాని కిందిదాంక కరెంటు దండిగ ఉంటది, దూరం పోయేది గా కరెంటు బలంతోనే. బరువుకు సలాక ఊగుతది గదా, నైలాను తాడుతోని కట్టేసెటోళ్లం.

ఇగ అసలు ముచ్చట ఇది. అందరు సలాకనే చూత్తరు. ఏరియల్ల సగం సలాక, ఇంకో సగం బండి ఒళ్లు. సలాకలకు ఎక్కిన కరెంటు బండి ఇనుము మీదికెల్లే తిరిగి రావాలె. బానెటు కబ్జాల మీద రంగు, తలుపుల కాడ తుప్పు, సైలెన్సరుకు రబ్బరు పట్టీలు: అన్ని అడ్డమే. మేం రంగు గీకి ఇనుము తెల్లగ మెరిసెదాంక రుద్ది, పాత కేబులు మీది రాగి జల్లెడ కోసి, బానెటును బాడీకి, సైలెన్సరును ఛాసిసుకు కలిపి బోల్టు బిగించెటోళ్లం. గంత చేసినా వంద వాట్లు పంపితే పది గూడ గాలిలకు పోవు, మిగిలినయన్ని చుట్టల, నేలల వేడైతయి. ఇంకో సంగతి యాదికి పెట్టుకోండ్రి. గీ పొట్టి సలాకకు ఏం జోడియ్యకుంటనే, తిరిగి అచ్చే బలం కొలిచే మీటరు ఒకటికి ఒకటి, అంటే ఏం ఎనుకకు రాలేదని, చూపిత్తే సంబురపడొద్దు. నష్టం ఎక్కువున్నప్పుడే గట్ల చూపిత్తది. బండి ఒళ్లు మంచిగ కలిసినంక ముల్లు ఎక్కువ చూపిత్తది, అప్పుడు అడుగున ఇంకో చిన్న చుట్ట పెట్టి దిద్దుకోవాలె. నేనైతే గా ఎక్కువ చూపిన ముల్లు చూసే కుశాల్ అయ్యేటోన్ని.

నిటారుగ ఉన్న సలాక నెత్తిమీదికి ఏం పంపది, దూరానికి పంపుతది. మా కరీంనగర్‌కెల్లి హైదరాబాదు నూటా అరవై కిలోమీటర్లే గదా. గంత దగ్గరికి అందాలంటే తరంగం మీదికి పోయి, ఆకాశంల అయనోస్పియరుకు తాకి కిందికి దిగాలె. అందుకని సలాకను ఎనుకకు వంచి బంపరుకు కట్టెటోళ్లం. వంచినంక హైదరాబాదోళ్ల గొంతు ఎక్కువ సాఫ్‌గ వినవడ్తుండె.

గా సలాకతోని ఊర్లల్లకు పోవుడు వేరే కథ. ఇంద్రవెల్లిల 1981 ఏప్రిల్ 20 నాడు గోండుల మీద పోలీసు కాల్పులైనంక, ఉట్నూరు దిక్కు గూడేలల్ల ఏరియల్ ఉన్న జీపు కనవడ్తే పోలీసులే అచ్చిండ్రనుకునేది. ఒకపారి జన్నారం అవతల ఒక అవ్వ మా బండి చూసి మనుమరాలి రెక్క వట్టి లోపలికి గుంజుకొని తలుపు వెట్టుకున్నది. నాకు మస్తు బాధైంది. మా చేతుల ఉన్నది తీగ చుట్ట, రేడియో డబ్బ, అంతే. గని ఆమెకు గాదెట్ల తెలుత్తది? గప్పటికెల్లి గూడెం రాకముందే బండి ఆపి, సలాక ముక్కలు ఇప్పి సీటు కింద పెట్టి పోయెటోళ్లం. ఊరోళ్లతోని చాయ తాగి, రేడియో చూపిచ్చినంకనే మళ్ల బిగించుడు.

పడవ మీద గూడ చూసినం, మంచిర్యాల కాడ గోదాట్ల. కట్టె పడవ, ఇనుము లేదు. సముద్రంల పోయే పడవలకు రాగి రేకు నీళ్లకు ఆనిచ్చి కట్టుకుంటరు. ఉప్పునీళ్లు కరెంటును మంచిగ పోనిత్తయి, సలాక మంచిగ పనిచేత్తది. గోదారి మంచినీళ్లు గట్ల కాదు. రేకు ముంచినం, లాభం కాలే. ఆఖరుకు పదిన్నర మీటర్ల తీగలు నాలుగు పడవ అంచుల పొంట మడతలు పెట్టి పరిచి, కొసలు సలాక అడుగుకు కలిపినం. గప్పుడు హైదరాబాదోడు మా మోర్సు పట్టిండు.

2004 డిసెంబరు 26న సునామీ అచ్చినప్పుడు హ్యాం భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్లనే ఉన్నది. ఫోన్లు పోయినంక ఆమె రేడియో మీదికెల్లే మస్తుమంది ఇంటోళ్లకు కబురు అందింది. గా ముచ్చట ఇన్నప్పటికెల్లి ప్రతి జిల్లాల ఒక బండికన్న గీ రేడియో, సలాక బిగిచ్చి ఉండాలని నా మనసుల ఉన్నది. కడెం డ్యాం నిండిన 2022 జులైల గూడ గదే అనుకున్న.

చుట్ట సుట్టుడు రేపు పొద్దుగాల నేర్పిత్త. పైపు ముక్క, దారం ఇంట్లనే ఉన్నయి. మీ కారు బానెటు కబ్జాల కాడ రంగు గీకాల్సి అత్తది, మీ నాయనను ముందే అడుగుండ్రి.